కలుసుకునే ఏడుపు

భిక్నూర్ దాటాక హైవే పక్కన రెండు రిసార్టులు, నడుమ ఒక గోడ. ఇటు మహేందర్‌ది, అటు నారాయణది. ఒకరిని చూస్తే ఒకరికి కడుపుమంట. ఇతను జారుడుబండ కడితే అతను అంతకన్నా ఎత్తుది కట్టేవాడు. అతను సిమెంటు ఏనుగును నిలబెడితే ఇతను సిమెంటు డైనోసార్‌ను దించేవాడు. కామారెడ్డి జనానికేం, ఆదివారమైతే ఎక్కడ కొత్తదుంటే అక్కడికే పోయేవారు. ఆ పంతంలోనే 2012 ఎండాకాలం మహేందర్ భూత్ బంగ్లా కట్టించాడు. అందులో దయ్యం ఉద్యోగం ధన్లికి దొరికింది.

నవ్వకండి, ఉద్యోగమే. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చాయ్ కూడా ఉండేవి ఆ దయ్యానికి. ధన్లిది ఎల్లారెడ్డి అవతల తండా. అంతవరకూ మహేందర్ రిసార్టులోనే గిన్నెలు తోమేది. ఇప్పుడు తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకుని చీకటిగదిలో కూర్చోవాలి. మొదటిరోజు ఏవో అరుపులు అరిచింది. పిల్లలు పకపకా నవ్విపోయారు.

"గిట్ల అరుస్తె ఎవడు భయపడ్తడు? మీ తండాల ఏడుస్తరు గద, గట్ల ఏడువు," అన్నాడు మహేందర్.

ఆ మహానుభావుడికేం తెలుసు, తండాలో ఏడుపు ఒకటి కాదని! చావు ఏడుపు వేరు, అది మధ్యలో ఆగదు. చాలాకాలానికి కలుసుకున్న ఆడవాళ్ళు ఏడ్చేది వేరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీస్తారు. ఒకరు ఏడ్చి ఆగితే రెండోవాళ్ళు అందుకుంటారు. విడిపోయాక ఎవరెవరు పోయారో ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు.

ధన్లి చెల్లెలు గంగ మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోయి తిరిగి రాలేదు. తీసుకుపోయిన మేస్త్రీ, ఎటు పోయిందో నాకేం తెలుసని చేతులు దులుపుకున్నాడు. తండా అంతా ఆశ వదులుకుంది. ధన్లి మాత్రం చచ్చినా చావు ఏడుపు ఏడవనంది. పిచ్చి ప్రాణం, ఏం చేస్తుంది! అందుకే చీకటిగదిలోనూ కలుసుకునే ఏడుపే ఏడ్చింది. "గంగా, వచ్చినవా" అని రాగం తీసి, చెల్లెలు అందుకునేంతసేపు ఆగేది. మళ్ళీ తీసేది. ఆ ఏడుపు విని మీసాలున్న మగవాళ్ళు కూడా బయటికి పరుగెత్తుకొచ్చేవారు.

సంగతి తెలిసి తల్లి తిట్టిపోసింది. "ఎదురుంగ మనిషి లేకుంట ఆ ఏడుపు ఏడుస్తరానె? పిలిస్తె ఎవరొస్తరో ఏమో!"

"గంగనే వస్తది," అంది ధన్లి.

జనం మహేందర్ వైపు ఎగబడ్డారు. నారాయణకు కంటిమీద కునుకు లేదు. నెల తిరక్కుండా అటువైపూ ఒక భూత్ బంగ్లా లేచింది. ఒక మధ్యాహ్నం ధన్లి అన్నం తింటుంటే గోడ అవతలి నుంచి ఏడుపు వినిపించింది. తన గొంతే! నోట్లో ముద్ద ఉంది, తన గొంతు అవతల ఏడుస్తోంది. ఆ గొంతు ఆగిన చోట ఇంకో గొంతు అందుకుంది.

చెయ్యి కడుక్కోకుండానే గోడ చుట్టూ తిరిగి పరుగెత్తింది. అక్కడ కరెంటు పని చూసే మైసన్న ఆమెను చూసి గతుక్కుమన్నాడు.

"కోపం చేసుకోకక్కా. టికెట్ కొనుక్కొని మీ దాంట్లకొచ్చి నీ ఏడుపు సెల్లుల రికార్డు చేసిన. మా సారే చెయ్యమన్నడు."

"నాది సరె. నడుమ ఏడ్చేదెవరు?"

"నేనే నిన్నడుగుదామనుకున్న. ఆ రెండో ఆమె ఎవరక్కా? నేనొచ్చినప్పుడు నువ్వొక్కదానివే కూసున్నవు గద."

ధన్లి లోపలికి పోయింది. చీకట్లో స్పీకరు డబ్బా తప్ప ఏమీ లేదు. తన గొంతు "గంగా" అని పిలిచి ఆగింది.

"ధ... ధ... ధన్లీ," అంది రెండో గొంతు.

చిన్నప్పటి నుంచీ అక్క పేరు దగ్గరే గంగకు నత్తి. అయ్యో, వచ్చింది, నిజంగానే వచ్చింది! ధన్లికి ప్రాణం లేచొచ్చింది. డబ్బాను రెండు చేతులా చుట్టుకుంది.

గంగ ఆచారం తప్పలేదు. విడిపోయాక పోయినవాళ్ళను తండా మాటల్లోనే చెప్పుకుంది. చెప్పింది ఒక్క పేరే. గంగ పోయిందక్కా, చెరుకు తోటలో జ్వరమొచ్చి పోయింది, ఎవ్వరూ ఏడవలేదు, అంది.

మైసన్న స్విచ్ ఆపేశాడు. ధన్లి డబ్బాను వదల్లేదు, రాగం తీసింది. బయట వరుసలో నిలబడ్డవాళ్ళు భలే ఉందంటూ ఈలలు వేశారు. ఈసారి ఆమె మధ్యలో ఎక్కడా ఆగలేదు.