అన్నయ్య చెవిలో చెప్పిన సినిమా

ఇందులో రాసేది అక్షరాలా నిజమని మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. డిట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి నా సంగతి తెలుసు కనుక ఒట్టు అవసరమైంది. నోవైలో ఓ చలికాలం నేను తుమ్మితే ఆ తుమ్ము గాల్లోనే గడ్డకట్టి పక్కింటాయన కారు అద్దం పగిలిందని చెప్పినవాణ్ణి నేనే. ఇది ఆ బాపతు కాదు. ఇది మా అన్నయ్య జబ్బు కథ.

అన్నయ్య వారానికి ఐదు రోజులు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు, శని ఆదివారాలు పురోహితుడు. అప్పటికి మా వైపు గుడీ లేదు, పూజారీ లేడు. చిన్నప్పుడు నాన్న దగ్గర నేర్చుకున్న మంత్రాలతో అందరి గృహప్రవేశాలూ, వ్రతాలూ, బారసాలలూ ఆయనే చేయించేవాడు. హోమం ఉంటే ముందుగా స్టూలెక్కి స్మోక్ డిటెక్టర్‌కి పొగకి మోగకుండా షవర్ క్యాప్ తొడగడం నా పని. గరాజ్ నేల మీద కొబ్బరికాయ కొట్టడం కూడా నాదే.

ఎనభై ఏడు అక్టోబరులో అలాంటి గృహప్రవేశం ఒకటి. పూర్ణాహుతి దగ్గర అన్నయ్య మంత్రం మధ్యలో ఆగిపోయాడు. ఎడమచేత్తో కడుపు పట్టుకుని మంట వైపు చూస్తూ కూర్చున్నాడు. మరిచిపోయాడేమోనని తర్వాతి మాట అందించబోయాను.

"గుర్తుందిరా. లోపల్నించి రావట్లేదు, అంతే" అన్నాడు నెమ్మదిగా.

భోజనాల దగ్గర రెండు ముద్దలకే కడుపు నిండిపోయిందని పేపర్ ప్లేటు పక్కన పెట్టేశాడు. పులిహోర వదిలేసిన అన్నయ్యని నేను చూడటం అదే మొదలు.

ఫ్యామిలీ డాక్టరు ఎసిడిటీ అని రెండు నెలలు యాంటాసిడ్ తాగించాడు. ఈలోగా వదిన అన్నయ్య బెల్టుకి మేకుతో మూడు కొత్త చిల్లులు పొడిచింది. మూడో చిల్లు పొడిచిన రోజు ఆవిడే ఫోన్ చేసి స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఎండోస్కోపీ చేశారు, బయాప్సీ పంపారు. వారం తర్వాత డాక్టరు కుర్చీ మా దగ్గరికి జరుపుకుని, "ఇట్స్ నాట్ యాన్ అల్సర్" అన్నాడు. మిగతా మాట చెప్పే ముందు వదిన వైపు చూశాడు. స్టమక్ క్యాన్సర్.

జనవరిలో సర్జరీ. అడ్మిషన్ ఫారాలు నేను నింపాను. మతం దగ్గర హిందూ అని రాశాను. దాని కింద, మీ మతగురువు పేరు, ఫోన్ నంబరు అని ఉంది. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. మా కౌంటీ మొత్తానికి ఉన్న పురోహితుడు ఒక్కడే. ఆయన పేరే రాసి, వాళ్ళింటి నంబరు వేశాను.

కడుపులో మూడింట రెండు వంతులు తీసేశారు. సర్జన్ బయటికొచ్చి, "వుయ్ గాట్ మోస్ట్ ఆఫ్ ఇట్" అన్నాడు. ఆ 'మోస్ట్' మమ్మల్ని ఏడాదిపాటు వెంటాడింది.

నాలుగోరోజు అన్నయ్య మంచం పక్కన ఫోన్ మోగింది. రోగులకి ధైర్యం చెప్పే మతగురువుని హాస్పిటల్లో చాప్లిన్ అంటారు; ఆయన ఆఫీసు నుంచి ఎవరో పెద్దావిడ. ఇంటికి చేస్తే వదిన ఈ నంబరు ఇచ్చిందట. మన పేర్ల పొడవుకి పేషెంటు పేరూ గురువు పేరూ ఒకటేనని ఆవిడ పోల్చుకోలేదు. నాలుగు వందల పన్నెండులో మీ మతం పేషెంటు ఒకాయన ఉన్నారు, మీరొకసారి వచ్చి ఆయనతో మాట్లాడతారా అని అడిగింది.

అన్నయ్య రిసీవర్ రెండో చెవికి మార్చుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, "ఐ హావ్ బీన్ లుకింగ్ ఫర్ హిమ్ టూ, మేడమ్" అన్నాడు. ఆ నాలుగు వందల పన్నెండు మా గదే.

నేను పడీపడీ నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. అక్టోబరు నుంచి ఆయన సంధ్యావందనం మానేశాడని ఆ సాయంత్రం వదిన చెబితే తెలిసింది.

ఆ పొరపాటుకి క్షమాపణ చెప్పడానికి చాప్లినే స్వయంగా వచ్చాడు. డెబ్భై ఏళ్ళ క్యాథలిక్ ఫాదర్, మోకాళ్ళ నొప్పులు. ఆయనా అన్నయ్యా స్నేహితులైపోయారు. మాకు చెప్పనిది అన్నయ్య ఆయనకి చెప్పాడు. మంత్రం చదివితే అవతల ఎవరూ ఉన్నట్టు అనిపించట్లేదని.

తర్వాత కీమోథెరపీ. మందు పేరు ఫైవ్ ఎఫ్‌యూ. నోరంతా పుళ్ళు. కళ్ళ వెంట ఆగకుండా నీళ్ళు, ఎదురుగా ఉన్న అక్షరాలు అలుక్కుపోయేవి. మూడో సైకిల్, అంటే మూడో విడత మందు, అయ్యాక ఇక చాలన్నాడు. డాక్టరు దాచలేదు. "ఐ కాంట్ ప్రామిస్ యూ ఎనీథింగ్. బట్ ఇఫ్ యూ స్టాప్ నౌ, ఇట్ విల్ కమ్ బ్యాక్ సూనర్." నాలుగోది సోమవారం మొదలుపెట్టాలి.

వదిన నన్ను వంటగదిలోకి పిలిచింది. "ఊళ్ళోవాళ్ళందరికీ లేనిపోనివి చెప్పి నమ్మిస్తావు కదయ్యా. మీ అన్నయ్యకి కూడా ఏదో ఒకటి చెప్పి ఒప్పించు."

ఆ శనివారమే ఫాదర్ ఫోన్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం యూనివర్సిటీ హాల్లో ఒక ఫ్రెంచి సినిమా వేస్తున్నారట. తను కుర్రతనంలో చదివిన నవల ఆధారంగా తీశారట. ఒక పల్లెటూరి ప్రీస్టు, దేవుడి మీద నమ్మకం జారిపోతున్నవాడు. తను మోకాళ్ళ నొప్పులతో రాలేనన్నాడు. అన్నయ్య వెంటనే, "పోదాం పదరా" అన్నాడు. సబ్‌టైటిల్స్ కనిపించవు కదా అంటే, "నువ్వున్నావుగా, చెవిలో చెప్పు" అన్నాడు.

హాల్లో పట్టుమని పదిహేను మంది లేరు. చివరి వరసలో కూర్చున్నాం. తెర మీద ఆ కుర్ర ప్రీస్టు చల్లటి చర్చిలో మోకరిల్లాడు. కింద పడిన అక్షరాలు అన్నయ్యకి చెప్పేవి కావు. రేపు సోమవారం. అందుకని, "దేవుడా, నువ్వున్నావు, ఓర్చుకుంటాను అంటున్నాడు" అని చెప్పాను.

అక్కణ్ణించి గంటసేపు నా సినిమా నేను నడిపాను. అతనికి ధైర్యం పోశాను. ఒక కల రప్పించాను. కలలో మేరీమాత చేత మాట్లాడించాను కూడా. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ వింటున్నాడు. ముందు వరసలో అమ్మాయి ఆయన ఏడుస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి టిష్యూ ఇచ్చింది.

ఉన్నట్టుండి అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఆ కుర్రాడి మొహం ఆ మాటలు అనట్లేదు. నువ్వంటున్నావు."

"లేదన్నయ్యా..."

"అక్షరాలు కనపడవు గానీ మొహం కనపడుతుందిరా. పూర్ణాహుతి రోజు నా మొహం అదే. ఏమంటున్నాడో ఉన్నదున్నట్టు చెప్పు."

మళ్ళీ ఆయన చెవి దగ్గరికి వంగాను. ఉన్నదే చెప్పాను. "పిలుస్తున్నాను, పలకట్లేదు అంటున్నాడు. ఇన్నాళ్ళూ ఖాళీ గదితో మాట్లాడానేమో అంటున్నాడు."

అన్నయ్య నా చెయ్యి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. తెర మీద ప్రీస్టు కోటు తొడుక్కుని బురదలో నడుస్తున్నాడు.

"ఎక్కడికి?"

"ఊరి చివర ముసలావిడ ఎవరో జబ్బుగా ఉందట. రమ్మని కబురు పెట్టింది."

"నమ్మకం లేకుండానే వెళ్తున్నాడా?"

"పిలిచారు కదా అంటున్నాడు."

చివరిదాకా అతనికి నమ్మకం తిరిగి రాలేదు. అదీ ఉన్నదున్నట్టే చెప్పాను.  కారు ఇల్లు దగ్గరపడ్డాక అన్నయ్య అన్నాడు.

"ఎవరో నవల రాశారు, ఇంకెవరో సినిమా తీశారు. అయితే ఇది నాకొక్కడికే వచ్చిన రోగం కాదన్నమాట." తర్వాత, "రేపెన్నింటికి?"

"తొమ్మిదికి."

"ముందు సీట్లో బకెట్ పెట్టడం మర్చిపోకు."

నాలుగు, ఐదు, ఆరు సైకిళ్ళూ పూర్తిచేశాడు. ఆగస్టులో ఒక పిల్లవాడి అన్నప్రాశనకి పిలిస్తే, వద్దన్నా వినకుండా వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుని చేయించాడు. తను నాలుగు చెంచాల పెరుగన్నం తినలేని మనిషి, ఆ పసివాడి నోట్లో పాయసం పెట్టి, వాడు చప్పరిస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. దారిలో అడిగాను, మళ్ళీ నమ్మకం కుదిరిందా అని. "లేదురా. పిలిచారు కదా" అన్నాడు.

నవంబరు సీటీ స్కాన్‌లో లివర్‌లో మచ్చలు కనిపించాయి. డాక్టరు ఈసారి ఏ మందు పేరూ చెప్పలేదు. "టేక్ హిమ్ హోమ్" అన్నాడు. జనవరిలో మంచు బాగా పడిన ఓ ఉదయం, నా చెయ్యి పట్టుకుని, పెదాలు కదుపుతూ గాయత్రి పూర్తిగా చెప్పుకుని, ప్రశాంతంగా కన్నుమూశాడు.

ఇప్పుడు మా వైపు గుడి కడుతున్నారు. ఇండియా నుంచి పూజారిగారొచ్చారు. షవర్ క్యాప్ తొడిగే ఉద్యోగం మాత్రం ఇంకా నాదే. వదిన లైబ్రరీలో పనిచేస్తోంది. ఆదివారాలు ఫాదర్ వస్తాడు. ఆవిడ ఇడ్లీ పెడుతుంది. ఆయన చక్కెర అద్దుకుని తింటాడు. చూసి చూసి మేమూ ఏమీ అనడం మానేశాం.

జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళకి ఒక్క మాట. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళి, ఆయనన్న మాట అన్నట్టే రాసుకోండి. మీ మనిషి అడిగినప్పుడు అందులోంచి చదవండి. ఏదీ కలపకండి. మనం కలిపిన మాట వాళ్ళకి తెలిసిపోతుంది, తెలిశాక మన పక్కనే ఉండి కూడా ఒంటరివాళ్ళయిపోతారు.

ఇది రాశాక పైన ఒక వాక్యం నాకే మింగుడుపడటం లేదు. అమ్మ మీద ఒట్టు వేశాను కనుక ఒప్పుకుంటున్నాను. గాయత్రి, నా చెయ్యి పట్టుకోవడం రెండూ నేను కలిపినవే. పోయే ముందు వారం అన్నయ్య నాతో, "నా గురించి ఎక్కడైనా చెబితే, చివర్లో మళ్ళీ నమ్మాడని మాత్రం చెప్పకురా" అన్నాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు. అన్నయ్యని ఆ ఖాళీ గదిలో వదిలి రావడానికి మనసొప్పలేదు.

పెదాలు కదిలిన మాట నిజం. వంగి విన్నాను. "డ్రైవ్‌వేలో మంచు తీశావా? ఫాదర్ వస్తానన్నాడు, జారిపడతాడు" అన్నాడు. అదే ఆఖరి మాట. మంచు నేనింకా తియ్యలేదు. పార తీసుకుని బయటికి వెళ్ళాను. సగం తీసేసరికి వదిన తలుపు తెరిచి నిలబడింది. అన్నయ్య పోయాడని ఆవిడ మొహమే చెప్పింది.

మిగతా సగం కూడా తీసి, అప్పుడు లోపలికి వెళ్ళాను.