అవ్వ తాగిన రెండు లోటాలు

ఆ రోజుల్లో, అంటే ఏ తాతల కాలమో కాదు, పదేళ్ళు కూడా కాలేదు, నాకు తలనిండా జుట్టూ, ఏ పనైనా ఒకసారి వీడియో చూస్తే వచ్చేస్తుందన్న గట్టి నమ్మకమూ ఉండేవి. జుట్టు ఎప్పుడు పోయిందో చెప్పలేను గానీ, నమ్మకం పోయిన క్షణం మాత్రం చెప్పగలను. శ్రీరామనవమి వెళ్ళిన తర్వాతి ఆదివారం, సాయంత్రం అయిదుంబావుకి.

బెంగళూరు మహదేవపురలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో నేనూ, నా మిత్రుడూ అద్దెకుండేవాళ్ళం. నాది ఒంగోలు దగ్గర, వాడిది విజయవాడ. వాడి గడ్డం చూసి లిఫ్టులో పిల్లలు తల్లుల వెనక్కి నక్కేవారు కాబట్టి ఇక్కడ వాణ్ణి గడ్డం అనే అందాం. ఆ బిల్డింగు మొత్తంలో పెళ్ళికానివాళ్ళం మేమిద్దరమే మిగిలాం. మిగతావాళ్ళను అసోసియేషన్ సెక్రటరీ ఒక్కొక్కరినే సాగనంపేశారు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు రూల్స్ అంకుల్. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి, హొసకోటె వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. లిఫ్టులో, మెట్ల మలుపుల్లో, చివరికి చెత్తడబ్బా మూతమీద కూడా ఆయన సంతకంతో ఒక నియమం అంటించి ఉండేది. (మా తలుపుకు ఎదురుగా అంటించినది: నవ్వు పక్క ఫ్లాటుకు వినబడరాదు.) మే నెలాఖరుకు మా అగ్రిమెంటు అయిపోతుంది. కమిటీ "బ్యాచిలర్లు వద్దు" అని ఒక్క మాటంటే చాలు, ఓనరు మమ్మల్ని ఖాళీ చేయిస్తాడు. అప్పటికే ఏడాదిన్నరలో రెండిళ్ళు మారాం. ఇంకో ఇల్లు వెతుక్కుంటూ, "పెళ్ళెప్పుడు చేసుకుంటారు?" అని అడిగే ఇంకో పాతికమంది ఓనర్ల ముందు నిలబడే ఓపిక మాకు లేదు.

ఇలా ఉండగా, ఎండలు మండిపోతున్నాయి, ఒక ఆదివారం సాయంత్రం అందరం స్విమ్మింగ్ పూల్ దగ్గర చేరదామని మీటింగులో అనుకున్నారు. "కాక్‌టెయిల్స్ ఎవరు కలుపుతారు?" అని ఎవరో అడిగారు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. "నాకు వచ్చండీ" అన్నాను. (అప్పటికి నేను జీవితంలో కలిపినవి రెండే: నిమ్మనీళ్ళలో ఉప్పు, ఆవకాయలో అన్నం.) గడ్డం బల్లకింద నా కాలు తొక్కాడు. నా లెక్క వేరే. వీళ్ళు మంచి కుర్రాళ్ళు, పనికొచ్చే కుర్రాళ్ళు అని పేరొస్తే అగ్రిమెంటు గడువు దానంతటదే పెరుగుతుంది కదా! రూల్స్ అంకుల్ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "గాజుగ్లాసులు పనికిరావు, లోటాలే. మందు కలిపింది ఒక టేబులు, కలపనిది ఇంగొక టేబులు. పెద్దోళ్ళు ఉంటారు. తేడా వచ్చిందా, నేను ఊరుకునేవాణ్ణి కాదు, చెప్తా ఉండా."

వారం రోజులు వీడియోలు చూశాక నాకు గొప్ప ఆలోచన వచ్చింది: పానకం. బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు, నిమ్మరసం. పెద్దలకు అదే. తాగేవాళ్ళకు అందులోనే రమ్. ఆదివారం మధ్యాహ్నానికి రెండు పెద్ద స్టీలు గిన్నెలు ఫ్రిజ్‌లో చల్లబడ్డాయి. మూత ఉన్నది మామూలుది, పళ్ళెం బోర్లించినది మందుది. రెండు జగ్గులూ జాగ్రత్తగా నింపాను. మిగిలినదాన్ని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టబోతుండగా మా అమ్మ ఫోను. "ఏం చేస్తున్నావురా?" "పానకం చేస్తున్నానమ్మా." ఆవిడ ఎంత మురిసిపోయిందంటే, పక్కనున్న మా నాన్నను పిలిచి మరీ చెప్పింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆ పొగడ్తలు వింటూ, మూత దాని మీదా పళ్ళెం దీని మీదా తారుమారుగా పెట్టేశానని అప్పుడు నాకు తెలియదు.

మొదటి గంట నేను రాజునే. నీలం నీళ్ళ పక్కన గొడుగులు, వాటికింద కుర్చీలు, ఒకరి మొహం ఒకరికి తెలియని ఫ్లాట్లవాళ్ళంతా "మీది ఏ బ్లాకండీ?" అని పలకరించుకుంటున్నారు. ఆ పానకం చెయ్యడం ఎలాగని ఇద్దరు ఆడవాళ్ళు నన్నడిగి రాసుకున్నారు. రూల్స్ అంకుల్ కూడా మామూలు పానకం ఒక లోటా తాగి, "పర్వాలేదు" అన్నారు. ఆయన నోట ఆ మాట మేం అంతవరకు వినలేదు. పెద్దల జగ్గు ఖాళీ అయింది. పైకి పరిగెత్తి, మూత ఉన్న గిన్నె తెచ్చి, మళ్ళీ నింపాను. నింపగానే మొదట వచ్చింది రూల్స్ అంకుల్ తల్లి. ఎనభై దాటిన అవ్వ, బీపీకి మాత్రలు వేసుకుంటుంది. లోటా ఎత్తి గటగటా తాగి, నాలుక చప్పరించింది.

"ఏమప్పా, పానకం తాగితే సల్లగా ఉండాల గదా, ఇదేంది ఎచ్చగా దిగతా ఉండాది?"

"శొంఠి అవ్వా, ఘాటు ఎక్కువైంది" అన్నాను వినయంగా.

"బలే ఉండాది. ఇంగొక లోటా పొయ్యి."

పోశాను. అదీ తాగేసి, నడిచివెళ్ళి, పూల్ గట్టుమీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. నాకు అనుమానం వచ్చి ఒక్క చుక్క నాలుకమీద వేసుకున్నాను. గోడ గడియారంలో అయిదుంబావు. అది మందు గిన్నె. జగ్గునూ గిన్నెనూ టేబులు కిందికి తోసేసి చుట్టూ చూశాను. అదృష్టం, ఇంకెవరూ తాగలేదు. గడ్డాన్ని పక్కకు లాగి చెప్పాను. వాడి మొహం గడ్డంలోపలే పాలిపోయింది.

"రేయ్, ఎవరికీ తెలీదు. అవ్వ హ్యాపీగా ఉంది. మనం సైలెంట్‌గా ఉందాం" అన్నాడు.

"బీపీ మాత్రలు వేసుకుంటుందిరా."

"చెప్తే రేపే రోడ్డుమీద ఉంటాం. కాసేపు చూద్దాం, ప్లీజ్."

చూశాం. సిగ్గుపడుతూ చెబుతున్నాను, పది నిమిషాలు చూశాం. అంత పొడుగాటి పది నిమిషాలు నా జీవితంలో మళ్ళీ రాలేదు. అవ్వ కాళ్ళు ఊపుతోంది. బతికే ఉంది. అవ్వ కాళ్ళు ఊపడం ఆపేసింది. నా గుండె ఆగింది. అవ్వ తల వాలింది. లేదు, నీళ్ళలో తన నీడను చూసుకుని నవ్వుతోంది. ఎవరో నన్ను రమ్‌లో ఏ రకం మంచిదని అడుగుతున్నారు, నేను "అవునండీ, అవునండీ" అంటున్నాను. పదిహేను అడుగుల అవతల ఆవిడ కొడుకు రూల్స్ అంకుల్ కొళాయిలు వృథాగా వదలడం గురించి ఎవరికో ఉపన్యాసం ఇస్తున్నారు. అంతలో అవ్వ రెండు చేతులూ గట్టుకు ఆనించి లేవబోయింది. తడిసిన పాదం జారింది.

నేను పరిగెత్తిన పరుగు నాకే తెలియదు. అవ్వ భుజాలు పట్టుకుని వెనక్కి, ఖాళీ కుర్చీలోకి కూర్చోబెట్టాను. ఆమె కూర్చుంది, నేను ఆగలేదు. ఆ ఊపులో వెళ్ళి నీళ్ళలో పడ్డాను. నాకు ఈత రాదు. నీళ్ళు మింగుతూ, చేతులు కొట్టుకుంటూ, "అమ్మా, చచ్చిపోతున్నా" అని బిల్డింగు మొత్తానికి వినబడేలా అరిచాను. పైనుంచి అవ్వ గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"నిలబడప్పా. నీ నడుం దాకా గూడా లేవు నీళ్ళు."

నిలబడ్డాను. నిజమే. అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో కలిసిపోయి, ఏమీ జరగనట్టు ఊరుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. గడ్డం కళ్ళతో అదే చెబుతున్నాడు. నేను మెట్లెక్కి, నీళ్ళు కారుతూ రూల్స్ అంకుల్ దగ్గరికి నడిచాను. "అంకుల్, పొరపాటున అవ్వకు మందు కలిపిన పానకం పోశాను. రెండు లోటాలు. పది నిమిషాల కిందటే నాకు తెలిసింది. భయపడి చెప్పలేదు." నవ్వులు ఆగిపోయాయి.

ఆయన తల్లి దగ్గరికి పరిగెత్తారు. నాలుగో అంతస్తు డాక్టరమ్మ అక్కడే ఉంది. అవ్వ చెయ్యి పట్టుకుని నాడి చూసింది, పైనుంచి మిషను తెప్పించి బీపీ చూసింది, వేసుకునే మాత్రల పేర్లు అడిగింది, పావుగంట ఆగి మళ్ళీ చూసింది. ఆ పావుగంట నా బట్టల్లోంచి కారే నీళ్ళ చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. "కంగారు లేదు. మంచినీళ్ళు తాగించండి, రాత్రికి పక్కన ఒకరు పడుకోండి" అంది డాక్టరమ్మ. రూల్స్ అంకుల్ అప్పుడు నా వైపు తిరిగారు. "ఇందుకే... ఇందుకే బ్యాచిలర్లను పెట్టుకోవద్దని నేను..."

"ఊరుకోరా!" అంది అవ్వ. మాట కొంచెం ముద్దగా వచ్చింది గానీ అందరికీ వినబడింది. "నువ్వు మాత్రం? పెండ్లి కాకముందు చిక్కపేటలో రూము తీసుకోని, ఓనరమ్మ తులసికోటలో సిగరెట్టు పీకలు పూడ్చిపెట్టినోడివి. ఆయమ్మ నీ ట్రంకుపెట్టె రోడ్డున పడేస్తే, హొసకోటె నుంచి బస్సెక్కొచ్చి ఆయమ్మ కాళ్ళు ఎవరు పట్టుకున్న్యారు? ఈ పిల్లోడు వాడంతట వాడే వచ్చి చెప్పినాడు. నువ్వు చెప్పినావా? చెప్పలే. పూజ చేస్తా ఉంటే ఆయమ్మకే దొరికినాయి పీకలు."

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక డాక్టరమ్మ మాత్రం మిషను సర్దుకునే మిషతో వంగింది. రూల్స్ అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత, "రేపు పొద్దున తొమ్మిదికి ఆఫీసు రూముకు రా" అని, తల్లిని చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిపించుకెళ్ళారు.

నేను ఆ రాత్రి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దేశాను. పొద్దున వెళితే ఆయన ఒక కాగితం నా ముందుకు జరిపారు. కొత్త నియమం: మూడో అంతస్తువారు ఉమ్మడి స్థలాల్లో ఏ ద్రవపదార్థమూ, మంచినీళ్ళతో సహా, ఎవరికీ పోయరాదు. అంతే. "అంటే... ఉండొచ్చా అంకుల్?" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మ నిద్ర లేచినాది. తలకాయ నొప్పంట. పోయి పలకరించు" అన్నారు. మేం ఇంకో మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాం.

ఇప్పుడు నా కింద పన్నెండుమంది పనిచేస్తున్నారు. నా వల్ల పని చెడితే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. ఎవరికీ తగలకుండా, ఎవరి తప్పో తెలియకుండా, మర్యాదగా నాలుగు వాక్యాల మెయిలు రాయగలను. మొన్నొకటి అలాగే రాసి, పంపబోతుంటే ఎందుకో ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వీడియో చూసి అన్నీ వచ్చేశాయనుకున్న మూర్ఖుడు, నడుం లోతు నీళ్ళలో చావుకేక పెట్టినవాడు. అయినా ఒళ్ళంతా తడిసి, నలుగురూ చూస్తుండగా వెళ్ళి, తప్పు నాదే అని చెప్పినవాడు. వాడికి పదినిమిషాలు పట్టింది. నాకు ఈమధ్య ఇంకాస్త ఎక్కువే పడుతోంది.