చెల్లెలికి రాసిన మందు

మొన్న మిర్యాలగూడలో మా చిన్నమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, అది నాలుగేళ్ల కూతురికి స్నానం చేయించి, ఒళ్లు రుద్దకుండా మెత్తటి తువ్వాలుతో అద్ది, తడి ఆరకముందే తెల్లటి క్రీము అరచేతి నిండా తీసుకుని మెడ నుంచి పాదాల దాకా రాస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. మోచేతి మడతల్లో ఎర్రబడిన చోట మాత్రం ఇంకో ట్యూబులోని మందు పల్చగా పూసింది. ఎగ్జిమా అట. మనవరాలు రెండో చెయ్యి నా వైపు చాపి, "అమ్మమ్మా, దీనికి నువ్వు రాయి" అంది. రాశాను. రాసి, కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

నా చెల్లెలికీ ఇదే జబ్బు. నాకంటే ఆరేళ్లు చిన్నది. గరిడేపల్లి దగ్గర మా ఊళ్లో ఒంటిమీద ఏది లేచినా గజ్జి అనేవారు. మోకాళ్ల వెనక, మోచేతుల లోపల, మెడ చుట్టూ దాని చర్మం పగిలి రసి కారేది. నాయనమ్మ వేపాకూ పసుపూ నూరి పట్టిస్తే పిల్ల మంటకు గెంతులు వేసేది. చలికాలం వస్తే గోకీ గోకీ లంగా అంచులకు నెత్తుటి మరకలు. అట్లాంటి పిల్లలను పెళ్లిళ్లలో బంతిలో కూర్చోనిచ్చేవారు కారు, మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

చివరికి నాయన సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. వెంట నేనూ ఉన్నాను. డాక్టరమ్మ దాని చేతిని తన చేతిలోకి తీసుకుని నిమిరి చూసి, "ఇది ఎవరికీ అంటుకోదు. స్నానం కాంగనే ఒళ్లంత కొబ్బరినూనె రాయండి, ఎర్రగున్న కాడ ఈ ఆయింట్‌మెంట్ పూయండి, ఆకు పసర్లు బంద్ చేయండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

అమ్మ నాట్లకు పోయేది కాబట్టి మందు రాసే పని నా మీద పడింది. నాకు పధ్నాలుగేళ్లు. అంటుకోదని చెవులారా విన్నా నాకు నమ్మకం కుదరలేదు. అందుకని కోడి ఈకకు మందు అంటించి, చెయ్యంత దూరంలో నిలబడి పూసేదాన్ని. ఈక కొస తగిలితే దానికి ఇంకా దురద పెట్టేది. ఒకరోజు, "అక్కా, డాక్టరమ్మ చేత్తోనే ముట్టింది గదా, నువ్వు గూడ చేత్తో రాయవా?" అని అడిగింది.

"నాకంటుకుంటే ఎవరు సూస్తరు? సప్పుడు చేయకుండ నిలబడు" అన్నాను.

మళ్లీ అడగలేదు. కొన్నాళ్లకు తన మందు తనే రాసుకోవడం నేర్చుకుంది. చెయ్యి అందని చోట వీపును గోడకేసి రుద్దుకునేది.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి జబ్బు తగ్గి చర్మం నున్నబడింది కానీ, ఎవరైనా చెయ్యి వేస్తే ఉలిక్కిపడడం మాత్రం పోలేదు. పెళ్లయి కోదాడ వెళ్లాక, ఎప్పుడు కలిసినా నాకు మూరెడు ఎడంగానే కూర్చునేది. జడ వేస్తానంటే "నేనే ఏసుకుంట లే అక్కా" అని నవ్వేది. క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇన్నేళ్లకు చిన్ననాటి సంగతి తవ్వడమెందుకని ఊరుకున్నాను.

కిందటేడు దానికి కిడ్నీలు పాడయ్యాయి. ఒళ్లంతా పొడిబారి మళ్లీ అదే దురద. కోదాడ వెళ్లి దాని దగ్గరే ఉన్నాను. ఒక మధ్యాహ్నం అరచేతిలో నూనె పోసుకుని దాని చెయ్యి పట్టుకున్నాను. కళ్లు తెరిచి, మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దక్కా, నీ చేతులు ఖరాబైతయ్."

దెప్పిపొడుపు కాదు, నిజంగా నా కోసమే అంది.

"నాది తప్పైంది చెల్లే" అన్నాను ఏడుస్తూ.

"ఎప్పటి ముచ్చట అక్కా, ఇగ పండుకో" అని కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం దుప్పటి లోపలే ఉంచుకుంది.

తొమ్మిది రోజులకు పోయింది. సాగనంపే ముందు దాని ఒంటికి నేనే పసుపు రాశాను, రెండు చేతులతో.

ఇప్పుడు మందుల షాపుల్లో ఎన్ని రకాల క్రీములో. తల్లులు చదువుకుంటున్నారు, అడిగి తెలుసుకుంటున్నారు, పిల్లలను ఎడంగా కూర్చోబెట్టడం తగ్గింది. కాలం మంచికే మారింది. అది చూసి సంతోషపడాల్సిన ఈ వయసులో, బతికుండగా చెల్లెల్ని ఒక్కసారి కూడా దగ్గరికి తీసుకోలేదన్న దిగులు నన్ను వదలడం లేదు.