తోటలో ఆడపడుచు వాటా

1990లో నేను సిడ్నీ పక్కన పారమట్టాలో ఒక సొలిసిటర్ ఆఫీసులో క్లర్కుని. ఇల్లు కొనేవాళ్ల కోసం పాత దస్తావేజులు తిరగేయడం నా పని. కొన్ని స్థలాలు అప్పటికింకా ఓల్డ్ సిస్టమ్ టైటిల్ కింద ఉండేవి. అంటే ఒక్క సర్టిఫికెట్ చాలదు, స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో దస్తావేజు వెంట దస్తావేజు చూపించాలి. దాన్ని చెయిన్ అంటాం. కొన్ని దశాబ్దాలు వెనక్కి వెళితే చట్టానికి సరిపోతుంది. తెనాలి సుభద్రమ్మగారికి సరిపోలేదు.

ఆవిడ కొడుకు ప్రసాద్ డాక్టరు. భార్యకు ఏడో నెల. వాళ్లుండే చిన్న ఫ్లాట్‌లో మంచం వేస్తే ఉయ్యాలకు చోటు లేదు. వాస్తు కుదరలేదని తల్లి అప్పటికే రెండిళ్లు తిప్పికొట్టింది. మూడోదాని కాంట్రాక్టు మీద సంతకానికి ఆవిడను వెంటబెట్టుకొచ్చాడు.

అమ్మేవాళ్లిచ్చిన కట్టలో అడుగున ఒక వీలునామా నకలుంది. నూట నలభై ఏళ్ల కిందట మార్గరెట్ అనే వితంతువు రాసింది. ముచ్చటగా ఉంటుందని నేనే చదివి వినిపించాను, నా నోటికి తాళం లేక. ఇల్లు కొడుక్కి, వెనక పీచ్ పళ్ల తోట పెళ్లికాని కూతురు మేరీకి, వెండి చెంచాలు చెరి మూడు, కోడలికి ఇనప కెటిల్. కెటిల్ దగ్గర సుభద్రమ్మగారు ముసిముసిగా నవ్వారు. అక్కడితో ఆపాల్సింది.

"ఆ తోటేదీ ఇప్పుడు?"

"మనం కొనే ఇల్లు దాన్లోదే ఆంటీ. తర్వాత కొడుకు మొత్తం అమ్మేశాడు."

"చెల్లెలి తోట వీడెట్టా అమ్మాడు? ఆ పిల్ల సంతకమేదీ?"

కట్టలో లేదు.

"అయితే ఈ ఇల్లొద్దురా. ఆడపడుచు ఉసురు తగిలిన నేల మీద పాలు పొంగించను."

"అమ్మా, ఆవిడ పోయి హండ్రెడ్ ఇయర్స్ అయుంటుంది. ఫ్రైడేలోగా సైన్ చెయ్యకపోతే హౌస్ వేరేవాళ్లకి పోద్ది!"

"మనిషి పోతే ఉసురు పోద్దిరా?"

ఉసురంటే ఏమిటని మా సొలిసిటర్ గ్రెగ్ అడిగాడు. కేవియట్ లాంటిదన్నాను. ఈ స్థలంలో నాకూ హక్కుంది, నన్నడక్కుండా అమ్మొద్దని పెట్టే అడ్డాన్ని కేవియట్ అంటారు. ఉసురుకి మాత్రం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తీయించడానికి ఫారమూ లేదని చెప్పాను. గ్రెగ్ నవ్వలేదు. వెళ్లి వెతకమన్నాడు.

రెండు రోజులు సిడ్నీ రిజిస్ట్రీలో బండ పుస్తకాలు మోసి తుమ్మాను. మేరీ సంగతేమో గానీ నా ఉసురు సుభద్రమ్మగారికి తగలాలనుకున్నాను. గురువారం దొరికింది. మేరీ తోటను అన్నకు రాసిచ్చింది. బదులుగా ఒక పాడి ఆవు, దూడ, బతికినన్నాళ్లూ వెనక గదిలో నివాసం, ఏటా తను కోరిన చెట్టు పళ్లు. కింద సంతకానికి బదులు ఇంటూ గుర్తు.

మర్నాడు సుభద్రమ్మగారు ఆ గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"అంత తోటకి ఆవా! గడుసోడే. గదన్నా ఇచ్చాడంటావా?"

"అమ్మకం ఆవిడ పోయాకే జరిగింది ఆంటీ."

"సరే. పెట్టరా సంతకం."

ప్రసాద్ సంతకం పెట్టి ఊపిరి పీల్చుకునేలోగా ఆవిడ నావైపు తిరిగారు. "నా వీలునామా కూడా రాయి బాబూ. తెనాలి ఇంట్లో సగం నా కూతురికి."

"దానికి అక్కడి ప్లీడరు కావాలి ఆంటీ."

"ముందు నువ్వు రాయి. వాడికి తర్వాత చూపిద్దాం."

"అమ్మా, ఆ ఇల్లు నాకేనన్నావుగా!"

"అప్పటికి ఈ మేరీ సంగతి తెలవదుగా."

ప్రసాద్ మేరీ దస్తావేజు తన వైపు లాక్కున్నాడు. "పోనీ, అక్కకి ఆవునిస్తే?"

"ఇంకో మాటన్నావంటే ఇల్లు దానికి, ఆవు నీకు!"

ఆ తర్వాత ఎన్నో చెయిన్లు వెతికాను. చట్టానికి కావాల్సింది దొరికాక కూడా ఇంకో పేజీ తిప్పి, ఆ ఇంటి ఆడపిల్ల సంతకముందేమో చూడడం అలవాటైంది. చాలాచోట్ల ఉండదు. మా గుంటూరు ఇంటి కాగితాల్లోనూ లేదు. సుభద్రమ్మగారు వెళ్లిన మర్నాడే ఆ ఇంట్లో వాటా గురించి చెల్లెలికి ఉత్తరం రాశాను. అందులో ఆవు ప్రస్తావన తేలేదు.