చేతులు చాచిన తెల్లకోటు

మా కింది ఫ్లాట్ అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. కాఫీ తాగి, పేపరు మడిచి, కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను షిప్‌యార్డులో ఎవడి హెల్మెట్టో దాచి నవ్వుకుంటున్నాను. హెల్మెట్ తిరిగిచ్చేశాను గానీ, అప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు.

సముద్రం దాటొచ్చి మేముంటున్న బుకిట్ బటోక్‌లో మా బ్లాకుకి ఆయన రిటైరైన ఇంజనీరు. క్లబ్బుకి మాత్రం అంపైర్ అంకుల్. మా అమ్మాయి అక్కడ ఐర్లండు వాళ్ళ ఫుట్‌బాల్ ఆడుతుంది. అందులో బంతిని తన్నొచ్చు, చేత్తోనూ పట్టుకోవచ్చు. రెండు పోస్టుల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, తెల్లజెండా. కిందనుంచి వలలో పడితే గోలు, ఆకుపచ్చ జెండా. పోస్టుల దగ్గర తెల్లకోట్లు వేసుకుని ఆ జెండాలు ఊపేది పిల్లల అమ్మానాన్నలే. ఒక ఆదివారం మనిషి తక్కువైతే, ఊరికే మాతో వచ్చిన అంకుల్‌ని నేనే ముందుకు తోశాను, తమాషా చూద్దామని. ఆయన నాలుగేళ్ళు అక్కడే నిలబడ్డారు.

బంతి బయటికి పోతే చేతులు తలపైన కత్తెరలా పెట్టాలని రూలు. కాకినాడలో క్రికెట్ అంపైరింగ్ చేసిన అలవాటు కొద్దీ అంకుల్ రెండు చేతులూ బార్లా చాచేవారు. ఐరిష్ కోచ్ రెండుసార్లు చెప్పి చూసి, చివరికి తనే అలవాటుపడ్డాడు.

నిరుడు యూత్ క్లబ్బుల ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఒక పోస్టు దగ్గర ఆయన, రెండో దాని దగ్గర నేను. ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మా అమ్మాయి తన్నిన బంతి ఆయన పోస్టుకి జానెడు బయటనుంచి పోయింది.

"అంకుల్, జెండా ఎత్తేయండి. ఎవడు చూశాడు?" అన్నాను.

"నేను చూశాను కదయ్యా," అని చేతులు చాచేశారు.

ఓడిపోయాం. తిరిగొచ్చే బస్సులో నేను సణుగుతూనే ఉన్నాను. "పోస్టుకి చుట్టాలుండరయ్యా," అన్నారాయన.

"అవుటే లా డాడీ. నేనే చూశా," అంది మా అమ్మాయి, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి.

నేను వదల్లేదు. మర్నాడు సోమవారం ఆంటీ ఆ కోటు ఉతికి, చేతుల్లోంచి వెదురుగడ దూర్చి కిటికీ బయట ఆరేశారు. పైనుంచి ఫోటో తీసి, 'మన అంపైర్ డ్యూటీలో ఉన్నారు. ఎటు తన్నినా ఇదే తీర్పు' అని క్లబ్బు గ్రూపులో పెట్టాను. అందరూ విరగబడి నవ్వారు.

లిఫ్టులో కలిస్తే ఆయనా నవ్వారు. "బాగుందయ్యా. నాకన్నా అదే కదలకుండా నిలబడింది." ఆ పై ఆదివారం మోకాలి నొప్పి, రాలేనన్నారు. తర్వాత ప్రతి ఆదివారమూ మోకాలే. మార్కెట్‌కి మాత్రం రోజూ నడిచే వెళ్ళేవారు. అది కళ్ళారా చూసి కూడా, బ్లాకంతటినీ ఏడిపించే నా నోరు 'సారీ' అన్న ఒక్క మాట దగ్గర రేపు, ఎల్లుండి అని సాగదీసింది. ఆయన మాత్రం మామిడికాయ పప్పు చేసినప్పుడల్లా గిన్నె పంపించారు. మా అమ్మాయి కనిపిస్తే, "గట్టిగా తన్నడం వచ్చేసింది, ఇక సూటిగా తన్నడం నేర్చుకో తల్లీ," అనేవారు.

దహనం అయ్యాక ఆంటీ కోటు తీసుకొచ్చారు. "ఆదివారం మళ్ళీ ఫైనలటగా బాబూ. ఇది ఎవరికివ్వాలి?"

"నాకివ్వండి ఆంటీ," అన్నాను. "ఆ ఫోటో..." అని ఏదో మొదలుపెట్టాను.

"తెలుసులే. ఆ పూట ఆయన అన్నం తినలేదు," అన్నారు. కోటు నా చేతిలో పెట్టారు.

రేపే ఫైనల్. మా అమ్మాయి ఆడుతోంది, పోస్టు దగ్గర నేను. కోటు నేనే ఉతికాను, గడకి నేనే ఎక్కించాను. ఆరిందో లేదో చూడ్డానికి ఇది రాస్తూ రాస్తూ నాలుగుసార్లు లేచాను. వెళ్ళిన ప్రతిసారీ కిటికీ బయట అది రెండు చేతులూ చాచి, గాలికి కొంచెం ఊగుతూ, అలాగే ఉంది.