కుళాయి కింద గిన్నె

ఆ జనవరిలో మూడు రోజులు వరసగా ఉష్ణోగ్రత సున్నా దాటి పైకి రాలేదు. మూడో రోజు పొద్దున్న వంటింటి కుళాయి తిప్పితే చుక్క నీళ్లు లేవు. కోవెంట్రీలో మాది పాత ఇల్లు. పై వాటా మాది. మా నీళ్ల పైపు వెనక మెట్ల గోడ వెంట పైకి వస్తుంది, అక్కడ హీటింగ్ ఉండదు. కింది వాటాలో నీళ్లు వస్తున్నాయి కాబట్టి పైపు గడ్డకట్టింది ఆ మెట్ల దగ్గరేనని తేల్చుకున్నాను.

అనంతపురం నుంచి మా మేనత్త వచ్చి అప్పటికి రెండు నెలలు. నా వంట తిని నేనెలా తయారయ్యానో చూడాలని వచ్చింది.

కుళాయి తెరిచిపెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో అరగంట పైపును వెచ్చబెట్టాను. కరగలేదు. కుళాయి మళ్లీ కట్టేశాను.

"నీళ్లు ఎప్పుడొస్తాయిరా?" అంది అత్త.

"తెలీదత్తా. ఎండొస్తే రావచ్చు."

"ఇంత సదువుకోని అది కూడా తెలీదా? మా ఊర్లో వాల్వు తిప్పేటోడే నయం. రోజు తప్పినా గంట తప్పడు."

ఆఫీసుకు టైమైంది. ఎప్పటిలాగే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఒకటి, పైపు మీద మరిగే నీళ్లు పోయొద్దు. రెండు, సింక్ కింది అల్మారా తలుపులు తెరిచే ఉంచు. మూడు, తాగడానికి రెండు సీసాలు కింది నుంచి తెచ్చిపెట్టాను. నాలుగు, నువ్వుండే గది తలుపు మూసుకో, వేడి బయటికి పోకుండా.

మధ్యాహ్నం మూడు దాటాక కింది వాటా ఆవిడ ఫోన్ చేసింది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. వాళ్ల వంటింటి లైటు చుట్టూ నీళ్లు కారుతున్నాయట. స్విచ్ ముట్టుకోవద్దని, లైట్ల ఫ్యూజు ఆపేయమని చెప్పి అత్తకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది, నిద్ర గొంతుతో. కుళాయి కట్టెయ్యమని అరిచి, కారెక్కాను.

ఇంటికొచ్చి చూస్తే జరిగింది అర్థమైంది. అనంతపురంలో వాళ్ల వీధికి మూడు రోజులకొకసారి నీళ్లొస్తాయి. వచ్చే రోజున కుళాయి తిప్పి, కింద గిన్నె పెట్టి పడుకుంటారు. ధార గిన్నెలో పడిన చప్పుడుకే ఇంటిల్లిపాదీ లేస్తారు. అత్త ఇక్కడా అదే చేసింది. గిన్నె అడుగు సరిగ్గా సింక్ రంధ్రం మీద కూర్చుంది. మధ్యాహ్నం ఎండకు పైపులో మంచు కరిగింది, నీళ్లొచ్చాయి, సింక్ నిండి నేల మీదికి పొర్లాయి.

నేను వచ్చేసరికి అత్త నేలంతా తుడిచి, తడి చీరతోనే గోడకానుకుని కూర్చుని ఉంది.

"కిందికి ఏ మొగం పెట్టుకోని పోయేదిరా?" అంది. "నువ్వు పొద్దున పోతే మాపటికొస్తావు. ఈ దేశంలో నాకుండేది ఆయమ్మ ఒక్కతే. ఆయమ్మ నెత్తినే నీళ్లు పోస్తి."

రోజూ నాలుగింటికి అత్త కిందికి వెళ్లేది. ఈమెకు ఇంగ్లిష్ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరూ టీ తాగుతూ టీవీలో క్విజ్ చూసేవాళ్లు. అత్తకు ఇక్కడున్న పలకరింపు అదొక్కటే.

గిన్నె అలా పెట్టకూడదని చెప్పబోతూ ఫ్రిజ్ వైపు చూశాను. నాలుగో అంశం కనిపించింది. గది తలుపు తీసి ఉంటే మొదటి ధారకే అత్త లేచేది. ఆమె పద్ధతిలో లోపం లేదు. దాన్ని పనిచేయకుండా చేసింది నేను.

"తప్పు నాదత్తా. తలుపు మూసుకోమన్నది నేనే."

"అయితే నువ్వే పోయి చెప్పుకో."

వెళ్లాను. కింద వంటింటి సీలింగ్ ఒకచోట ఉబ్బి వేలాడుతోంది. ఆవిడ నేల తుడిచే మాపు పట్టుకుని నిలబడి ఉంది, మేజోళ్లు తడిసిపోయి. తప్పు నాదేనని చెప్పి, ఇంటి ఓనర్‌కి ఫోన్ చేయడం, ఎలక్ట్రీషియన్‌ని పిలవడం, సీలింగ్ ఆరబెట్టడం అంటూ వరసగా మొదలుపెట్టాను.

"అవన్నీ తర్వాత. ఆమె ఏది? నాలుగు దాటింది," అందావిడ.

"మీకు మొహం చూపించలేనంటోంది."

"చల్లటి ఇంట్లో నీళ్లు లేకుండా మనిషిని వదిలిపెట్టి వెళ్లింది నువ్వు. మొహం చాటేయాల్సింది ఆమా? నా మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. వెళ్లి తీసుకురా."

ఈ మాటలు చెబితే అత్త లేచింది. పాత పంచె ముక్కలూ బకెట్టూ తీసుకుని దిగింది. ఆవిడ వద్దు వద్దంటున్నా గొంతుక్కూర్చుని నేలంతా తుడిచి పిండింది. ఆవిడ మాపు పక్కన పెట్టి కెటిల్ ఆన్ చేసింది.

"టీ తర్వాత, ముందు ఆ మేజోళ్లు మార్చుకోమను," అంది అత్త నాతో. "పడిశం పడ్తాది."

చెప్పాను. ఆవిడ అత్త ఉత్త కాళ్ల వైపు చూసి, లోపలికెళ్లి రెండు జతల ఉన్ని మేజోళ్లు తెచ్చింది. ఒక జత అత్త ఒళ్లో వేసింది.

నేను బకెట్టు పారబోసి వచ్చేసరికి ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. క్విజ్ సగమైపోయింది. వంటింట్లో సీలింగ్ నుంచి చుక్కలింకా పడుతూనే ఉన్నాయి. ఇద్దరూ అటు చూడలేదు.