సిమెంటు దుమ్ములో ఇంగ్లీషు

జగ్గయ్యపేట నుంచి నందిగామకు నేను రోజూ వెళ్లే బస్సులో ఆయన ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేవాడు. నందిగామలో ఒక కాన్వెంటులో చిన్నపిల్లలకు ఏబీసీడీలు చెప్పేవాడు. కోరిక మాత్రం ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు కావాలని. సిమెంటు లారీల దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో ఇంగ్లీషు వాక్యాలు గుండ్రంగా రాసేవాడు.

"బోర్డు మీద చెయ్యి తిరగాలి కదండీ," అనేవాడు.

"మీకోసమే అద్దం కడగనివ్వట్లేదు హైస్కూలు మాస్టారూ," అని కండక్టరు ఆటపట్టించేవాడు.

ఏళ్ల తరబడి ఎదురుచూసిన డీఎస్సీ ప్రకటన చివరికి పేపర్లో వచ్చింది. బస్సులో నేనే చూపించాను. వయోపరిమితి దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"నాకు దాటిపోయిందండీ," అన్నాడు.

కండక్టరు టిక్కెట్ల వైపు తిరిగాడు. ఆయన జేబురుమాలుతో అద్దమంతా తుడిచి, నందిగామ వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాడు.